పప్పులో వేసే ఉప్పు కాదండీ

పోయిన దీపావళి సభలో తలుపు పక్కన బల్ల మీద పెట్టిన చిన్న సీసాలు గుర్తున్నాయా? మూతకు ఊదారంగు దారం కట్టి, లోపల తెల్లటి ఉప్పు, ఆ ఉప్పులో అక్కడక్కడా ఎండు పువ్వులు కనబడుతూ ఉన్నవి? అవి మేము చేసినవే. మేమంటే అక్కాచెల్లెళ్ళం ఇద్దరం, సటన్‌లో రెండు వీధుల ఎడంగా కాపురాలుంటున్నవాళ్ళం. నలభై సీసాలు పట్టుకొస్తే భోజనాల గంట కొట్టేలోగా అన్నీ చెల్లిపోయాయి. వచ్చిన డబ్బు పిల్లల తెలుగు బడి పుస్తకాలకు ఇచ్చేశాం. అంతటితో ఆ సంగతి ముగిసిందనుకున్నాం గాని, మర్నాటినుంచి మొదలయ్యాయి ఫోన్లు.

ఎలా చేశారని అడిగినవారు కొందరు. ఎంత వెయ్యాలని అడిగినవారు మరికొందరు. ఒకరింట్లో పెద్దాయన ఇదేదో సీమ ఉప్పనుకుని పెరుగన్నంలో కలుపుకున్నారట! ఒక ముద్దతో ఆపేశారు గనక సరిపోయింది. సీసా మీద "స్నానానికి మాత్రమే" అని రాసిన మాట నిజమేగాని, చీమ తలకాయంత అక్షరాలతో, అదీ ఇంగ్లీషులో రాశాం. తప్పు మాదే. ఈ ఏడు తెలుగులో, వేలెడంత అక్షరాలతో రాస్తాం.

ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకంటే పత్రికలో రాసిపెడితే నయం గదా అని కూర్చున్నాం. కలం ఒకరి చేతిలో ఉన్నా మాటలు ఇద్దరివీను. మధ్యలో మాలో మేము దెబ్బలాడుకున్న చోట్లు కొట్టేశాం.

ముందు తయారీ సంగతి. ఎప్సమ్ ఉప్పు మూడు కప్పులు, కల్లుప్పు ఒక కప్పు, వంట సోడా అరకప్పు. ఎప్సమ్ ఉప్పంటే మనకు కొత్తదేమీ కాదు. మన చిన్నతనంలో కాంపౌండరు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన భేది ఉప్పే అది. చదువుకున్నవాళ్ళు మెగ్నీషియం సల్ఫేటంటారు. పై పెద్దాయన ఒక ముద్దతో ఆపడం ఎందుకు మంచిదయిందో ఇక వేరే చెప్పక్కర్లేదు. మందుల షాపులో అడిగితే ఇస్తారు. తోటపని సామాన్ల దగ్గర పెద్ద సంచుల్లో చవగ్గా అమ్మేది మొక్కల కోసం తయారైంది. దాన్ని ఒంటికి వాడకండి. సోడా ఎందుకంటే లండన్ నీళ్ళలో సున్నం పాలు ఎక్కువ, మీ కెటిల్ అడుగు చూసుకోండి, తెలుస్తుంది. సోడా వేస్తే నీళ్ళు ఒంటికి కాస్త మెత్తగా తగులుతాయి.

ఈ ఉప్పులో కలిపే ఎండు ఆకు, పువ్వు అన్నీ కలిసి అరకప్పుకు మించక్కర్లేదు. మేము వేసేవి లావెండర్ పువ్వులు, రోజ్‌మేరీ ఆకు, వావిలాకు. ఇష్టమైనవారు ఎండు గులాబి రేకలు, సీమ చామంతి వేసుకోవచ్చు. సున్నిపిండిలో వేసే బావంచాలు మాత్రం వద్దు. ఆ గింజ ఒంటికి తగిలాక ఎండ సోకితే కొందరికి చర్మం కమిలి మచ్చలు పడుతుంది. ఈ దేశంలో ఎండెక్కడిదంటారా, సరే, మీ ఇష్టం. పసుపూ వద్దు. మాలో చిన్నది ఒకసారి మంగళకరంగా ఉంటుందని చారెడు పసుపు కలిపింది. తొట్టి చుట్టూ పసుపు గీత పడి, పెళ్ళివారింటి గడపలా మూడు నెలలు అలాగే ఉండిపోయింది.

దీనిలో కిటుకంతా ఆరబెట్టడంలోనే ఉంది. ఆకు పచ్చిగా ఉండి ఉప్పులో పడిందా, పదిరోజులకు బూజు. మన ఊళ్ళో అయితే చేటలో పోసి డాబా మీద పెడితే సాయంత్రానికి గలగలలాడుతుంది. ఇక్కడ ఆగస్టులో కూడా నమ్మకం లేదు. మేము కనిపెట్టిన ఉపాయం వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమార. పాత ఇళ్ళలో ఎయిరింగ్ కప్‌బోర్డని తువాళ్ళు పెట్టుకునేవారే, అది. ఒక పళ్ళెంలో పలచగా పరిచి వారం రోజులు అందులో వదిలేస్తే పొడిపొడిగా అవుతుంది. అది లేనివారు వేడి గొట్టాల పక్కన పెట్టుకోండి.

ఓవెన్లో పెడితే తొందరగా అవుతుంది గదా అనిపిస్తుంది. మాకూ అనిపించింది. 1990లో ఒకసారి ఉప్పూ ఆకూ అన్నీ కలిపేసి, పళ్ళెంతో సహా వేడి ఓవెన్లో తోశాం. పావుగంటకు తీసి చూస్తే ఉప్పు ఆరడానికి బదులు తడిసి ముద్దయింది! అలాగే ఇంకాసేపు ఉంచితే గోడ సున్నంలా గడ్డకట్టింది. పళ్ళెం బద్దలు కొట్టాల్సి వచ్చింది. ఇంతకూ విషయమేమంటే ఎప్సమ్ ఉప్పు పలుకు చూడ్డానికి పొడిగా ఉన్నా దాని బరువులో సగానికి పైగా నీళ్ళేనట. పలుకులోనే ఇమిడి ఉంటాయి. వేడి తగిలేసరికి బయటపడతాయి. తెలియక చేశాం గాని, ఎంత కాలం ఎంత గట్టిగా కనబడినా లోపల సగం నీళ్ళేనన్న సంగతి ఆడవాళ్ళం మాకు ముందే తట్టాల్సింది.

లావెండర్ నూనె వేసేవారు పై కొలతకు పదిహేను చుక్కలు చాలు. అది నీళ్ళలో కలవదు. తిన్నగా వేస్తే పైన తేలి ఒక్కచోటే ఒంటికి అంటుకుని మండిస్తుంది. ముందు ఒక చెంచాడు నువ్వుల నూనెలో కలిపి, ఆ తరువాత ఉప్పుకు పట్టించండి. నూనె వేసిన రోజున తొట్టి జారుతుందని గుర్తుంచుకోండి. కలిపిన ఉప్పును ఒక రాత్రి ఆరనిచ్చి, బిగుతైన మూత సీసాలో పొయ్యండి. నాలుగు బియ్యపు గింజలు గుడ్డలో మూటకట్టి వేస్తే చెమ్మ పీల్చుకుంటుంది, మన ఉప్పు జాడీల్లో వేసుకున్నట్టే.

తొట్టిలో నీళ్ళు నిండాక రెండు కప్పులు వేసి కలపడం, పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు కూర్చోవడం. మోచెయ్యి పెడితే వెచ్చగా ఉండాలిగాని చురుక్కుమనకూడదు. లేచేటప్పుడు గబుక్కున లేవకండి, కళ్ళు తిరుగుతాయి. మాలో పెద్దది ముప్పైనాలుగేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసింది గనక ఈ నాలుగు మాటలూ తప్పక రాయమంది: షుగరు ఉండి పాదాలు మొద్దుబారినవారు నీటి వేడి తమ కాలితో చూసుకోకూడదు, వేరేవారిచేత చూపించుకోవాలి, గుండె జబ్బువారు, గర్భిణులు డాక్టరునడిగి గాని వేడినీళ్ళలో కూర్చోకూడదు, పుండూ కుట్లూ మానకుండా దిగకూడదు, పసిపిల్లలకు ఇది అసలే వద్దు. ఇంకొక మాట కూడా ఆవిడదే. ఈ ఉప్పులోని మెగ్నీషియం చర్మంలోంచి ఒంట్లోకి దిగి నొప్పులు తీస్తుందని ప్యాకెట్ల మీద రాస్తారు గాని, దానికి గట్టి ఋజువంటూ లేదు. వేడినీళ్ళకు కండరాలు సడలడం మాత్రం నిజం. అలాగైతే ఉప్పెందుకని చిన్నది అడిగింది. ఉప్పు ఉంది గదా అని పావుగంట కూర్చుంటాం, లేకపోతే రెండు నిమిషాల్లో లేచి వంటింట్లోకి పోతాం అని పెద్దది జవాబు చెప్పింది.

ఒక తమాషా చెప్పాలి. ఈ ఉప్పుకు పేరిచ్చిన ఎప్సమ్ ఊరు మా ఇంటికి బస్సు దూరం. 1618లో ఎండలు మండిపోయిన ఏట ఒక రైతు గుంటలో నీళ్ళు చూపించినా పశువులు ముట్టుకోలేదని, రుచి చూస్తే చేదుగా ఉన్నాయని, పుళ్ళు మాత్రం మానేవని అక్కడివాళ్ళు కథగా చెప్పుకుంటారు. తరువాత ఆ నీళ్ళు తాగడానికి లండన్ నుంచి దొరలు బళ్ళు కట్టుకుని వచ్చేవారట. నెహెమయా గ్రూ అనే వైద్యుడు 1695లో ఆ చేదు ఉప్పు మీద గ్రంథమే రాశాడు. ఇవాళ షాపులో కొనే ఉప్పు ఆ ఊరిదేమీ కాదు, పేరొక్కటే మిగిలింది. బావి గుర్తు ఇళ్ళ నడుమ ఉంది, చూసి వచ్చాం. చూడ్డానికేం లేదు. ఇటు పక్క మిచమ్ ఒకప్పుడు లావెండర్ పొలాలకు, నూనె బట్టీలకు పేరు పడ్డ ఊరు. ఇప్పుడక్కడ ఇళ్ళూ ట్రామూను. ఆ పంట ఆనవాలు కార్షాల్టన్‌లో ఉంది. ఊరివాళ్ళే పెంచుకునే లావెండర్ తోటలో జులై కోతల నాడు ఎవరైనా వెళ్ళి కోసుకోవచ్చు. మేము వెళ్ళేది అక్కడికే.

అయితే ఉప్పూ లావెండరూ ఈ నేలవైతే, వావిలాకు ఎక్కడిదని మీరు అడుగుతారు. అది మా అమ్మది.

మాది నర్సాపురం. మాలో పెద్దది 1979లో, చిన్నది 1985లో ఈ దేశం వచ్చాం. చిన్నదాని తొలి కాన్పుకు 1988 అక్టోబరులో అమ్మ వచ్చింది. చలికోటు లేదు గాని, పెట్టెలో సున్నిపిండి డబ్బా, నువ్వుల నూనె, సాంబ్రాణి, పాత చీర ముక్కలో గట్టిగా మూటకట్టిన ఎండు వావిలాకు ఉన్నాయి. పురిటి స్నానం సంగతి తెలిసినవారికి చెప్పక్కర్లేదు. తెలియని పిల్లల కోసం రాస్తున్నాం. పెరట్లో కాగు నిండా నీళ్ళు పోసి వావిలాకు వేసి మరిగిస్తారు. బాలింతను పీట మీద కూర్చోబెట్టి, ఒళ్ళంతా నూనె మర్దించి, ఆ నీళ్ళు చెంబుతో ఎత్తునుంచి నడుము మీద, వీపు మీద ధారగా పోస్తారు. ఒకరు పోస్తుంటే ఒకరు రుద్దుతారు. ఆపైన సాంబ్రాణి పొగతో తల ఆరబెడతారు. స్నానమయ్యాక బాలింత లేచి నడవదు, అలా మంచమెక్కి నిద్రపోవడమే.

ఇక్కడ అమ్మకు దొరికిన స్నానాల గది ఎలాంటిదో చెబితే నవ్వుతారు. అద్దె ఇల్లు, గది మేడ మీద. నేల మీద తివాచీ! ఆ రోజుల్లో ఈ దేశంలో స్నానాల గదిలో కూడా తివాచీ పరిచేవారు, ఎందుకో భగవంతుడికెరుక. నేలలో తూము లేదు. అమ్మ ఆ గదిలోకి తొంగిచూసి తొట్టి కేసి వేలు పెట్టి, "ఇందులో కూర్చుని, ఆ నీళ్ళలోనే ఉంటారా? మురికి ఎక్కడికి పోతుందే?" అని అడిగింది. మాకు జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచదు.

తొట్టిలో పీట వేస్తే జారింది. అందుకని తొట్టి బయట, తివాచీ మీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి, చిన్నదాన్ని కూర్చోబెట్టింది. కింద వంటింట్లో పెద్ద గిన్నెల్లో ఆకు మరిగించి, అరవయ్యేళ్ళ మనిషి మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి మోసుకొచ్చేది. పదకొండో రోజు మొదలు రోజూ అదే. ఒళ్ళు ఎంత హాయిగా ఉండేదో చిన్నదాన్ని అడగండి. అరగంట సేపు పిల్ల ఏడ్చినా వినపడేది కాదంటుంది. వాడిన ఆకు తొట్టిలో వంపితే తూము పూడింది, పుల్లతో తీసుకున్నాం. ప్లాస్టిక్ గుడ్డ అంచుల్లోంచి నీళ్ళు తివాచీలోకి దిగుతున్నాయన్న సంగతి మాత్రం ఎవరం చూసుకోలేదు. తొమ్మిదో స్నానం నాటి సాయంత్రం కింద వంటింటి కప్పు మంచం పరుపంత మేర ఉబ్బి, పెచ్చు ఊడి పొయ్యి మీద పడింది. అదృష్టం, అప్పుడక్కడ ఎవరం లేము.

ఇంటాయన వచ్చాడు, చూశాడు, నూటఇరవై పౌన్లు అడిగాడు. మళ్ళీ ఇలా జరిగితే ఇల్లు ఖాళీ చెయ్యాలన్నాడు. అప్పట్లో చిన్నదానింట్లో ఒక్కరి జీతం, చేతిలో నెల పిల్ల. ఇక స్నానాలు ఆపాలి. ఆపాలని అమ్మతో చెప్పాలి. ఇక్కడ మేము చేసిన పని రాయడానికి ఇంత వయసొచ్చినా మనసొప్పడం లేదు గాని, అసలు ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నది అందుకే.

డబ్బు సంగతి చెప్పలేదు. సీమలో కూతుళ్ళు అద్దె ఇంటివాడికి భయపడుతున్నారని అమ్మకు తెలియడం మాకు నామోషీ అనిపించింది. అందుకని మాలో పెద్దది నర్సు గనక, నర్సులాగా మాట్లాడింది. ఇవన్నీ పాత పద్ధతులు, ఇంత వేడినీళ్ళు కుట్లకు మంచిది కాదు, ఇక్కడి డాక్టర్లు ఒప్పుకోరు అని. ఏ డాక్టరూ అలా అనలేదు. అమ్మ నడుము మీదా వీపు మీదా తప్ప పోసిందీ లేదు. చిన్నది పక్కనే ఉండి, అక్క చెప్పింది నిజమేనన్నట్టు తలాడించింది. అబద్ధం ఒకరు ఆడాం, ఒకరు తలాడించాం, అంతే తేడా.

"ఎంత వేడి పొయ్యాలో నువ్వే చెప్పవే, అంతే పోస్తాను" అంది అమ్మ.

షవరు చాలమ్మా అన్నాం. అమ్మ మరి మాట్లాడలేదు. ఇంకా మూడు వారాలు ఉంది. వంట చేసింది, పిల్లను ఆడించింది, మిగిలిన పొద్దంతా కిటికీ పక్కన కూర్చుని లేసు అల్లుకుంది. నర్సాపురం ఆడవాళ్ళ చేతిలో ఆ సూది ఎప్పుడూ ఉండేదే గదా. (ఆ లేసు అల్లేవాళ్ళ చాకిరీ, వాళ్ళకు ముట్టే కూలి మీద మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు 1982లో పుస్తకం రాసింది. అమ్మలాంటివాళ్ళ పని అంతదూరం పోయిందని మాకు చాలా కాలానికి గాని తెలియలేదు.) స్నానాల గదిలోకి మాత్రం తన స్నానానికి తప్ప మళ్ళీ అడుగు పెట్టలేదు.

అమ్మ వెళ్ళిపోయాక ఒకరోజు తువాళ్ళ కోసం అలమార తెరిస్తే వెనకగా ఒక చిన్న సంచీ కనిపించింది. తెల్లదారంతో వలలా అల్లింది, అరచెయ్యంత. నోటికి జారుముడి తాడు. లోపల మిగిలిన వావిలాకంతా ఉంది. ఆకు తూములో పడుతుందని మేము విసుక్కున్నాం గదా, పడకుండా ఉపాయం ఆలోచించి అల్లిపెట్టి వెళ్ళింది. ఆ మాట మాతో అనలేదు.

ఆ జనవరిలో పెద్దది వరసగా నాలుగు రాత్రులు డ్యూటీ చేసి నడుం పట్టుకుని వచ్చింది. వార్డులో ఎవరో ఎప్సమ్ ఉప్పు మంచిదన్నారని ఒక ప్యాకెట్టు కొనుక్కొచ్చింది. చిన్నది ఆ సంచీ తెచ్చి వేడినీళ్ళ కుళాయికి కట్టింది. నీళ్ళు సంచీలోంచి పడి తొట్టి నిండుతుంటే గదంతా మా పెరటి వాసన. పెద్దది ఆ తొట్టిలో కూర్చుంది, చిన్నది పిల్లను ఒళ్ళో పెట్టుకుని మూత వేసిన కమోడ్ మీద కూర్చుంది. చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. మా ఉప్పు కథ మొదలైంది అక్కడ.

అమ్మ ఇచ్చిన ఆకు రెండు నెలలకే అయిపోయింది. ఆ తరువాత ఎనిమిదేళ్ళు వావిలాకు కోసం ఎన్ని కొట్లు తిరిగామో! వావిలాకంటే ఎవరికీ తెలియదు. చివరికి టూటింగ్‌లో ఒక శ్రీలంక తమిళుల కొట్టులో, ఆకు ఎలా ఉంటుందో, దేనికి వాడతారో చేతులు తిప్పుతూ చెబితే, గల్లా దగ్గర ముసలావిడ "నొచ్చి!" అని లోపలికి వెళ్ళి ఒక పొట్లం తెచ్చింది. విప్పితే అదే వాసన. ఎనిమిదేళ్ళుగా ఆ కొట్టు ముందునుంచే బస్సెక్కుతున్నాం. మీరెవరైనా వెతికేట్టయితే ఆ పేరుతో అడగండి.

1997లో ఇద్దరం కలిసి నర్సాపురం వెళ్ళాం. అప్పటికి అమ్మ మోకాళ్ళు బాగా వాచి, కర్ర పట్టుకుని నడుస్తోంది. భీష్మ ఏకాదశికి రేవు దాటి అంతర్వేది వెళ్ళి సముద్ర స్నానం చేస్తే ఏడాదంతా కాళ్ళు తేలిగ్గా ఉండేవని, ఈ ఏడు పంటు ఎక్కలేక మానేశానని చెప్పింది. మేము పెట్టెలోంచి రెండు కిలోల ఉప్పు సంచీ తీశాం. (విమానాశ్రయంలో ఆ తెల్ల పలుకులు చూసి మమ్మల్ని పక్కకు నిలబెట్టిన కథ మరోసారి.) అమ్మ చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "సముద్రం పక్కకి ఉప్పు మోసుకొచ్చారటే! విన్నవాళ్ళు నవ్విపోతారు" అంది.

పెరట్లో బాదంచెట్టు కింద స్టూలు వేసి కూర్చోబెట్టాం. ఇత్తడి బేసిన్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి ఉప్పు కలిపాం, దొడ్డి కంచె నుంచి పచ్చి వావిలి రెమ్మలు తుంచి మరిగించి ఆ నీళ్ళూ కలిపాం. కాళ్ళు అందులో పెట్టించి చెరొక మోకాలి మీదా చెంబుతో పోశాం. మొదట "నా కాళ్ళు మీరు పట్టుకోవడమేంటే" అని లాక్కుంది. కాసేపటికి ఊరుకుంది. కళ్ళు మూసుకుని ఉండగానే అడిగింది:

"ఆ కప్పు బాగుచేయించారా?"

ఏ కప్పో మాకు తెలియంది కాదు. చేయించామన్నాం.

"ఎంతయింది?"

నూటఇరవై పౌన్లని చెప్పాం. వేళ్ళ మీద లెక్కవేసుకుంది, అప్పటి ధరకు ఏడువేల రూపాయలు. "అంత పెట్టారా! ఆ ముక్క నాతో అప్పుడే అంటే నేనే మానేసేదాన్ని గదే. నా పద్ధతి మీకు మోటుగా కనిపించిందనుకున్నాను" అంది.

తొమ్మిదేళ్ళు ఆవిడ అలాగే అనుకుంది. అప్పుడు చెప్పాం, డబ్బు సంగతి, ఇంటాయన మాట, డాక్టర్లెవరూ అనలేదన్న సంగతి. అంతా విని, "సరేలే, నీళ్ళు చల్లారాయి, ఇంకో చెంబు పొయ్యండి" అంది. పోశాం. ఆ సాయంత్రం ఆ లేసు సంచీ ఏమయిందని అడిగింది. ఇంకా వాడుతున్నామంటే, అది నాని నాని పుచ్చిపోయి ఉంటుందని మరొకటి మొదలుపెట్టి, మేము బయల్దేరే రోజు తెల్లవారుజామున ముడివేసి ఇచ్చింది. 2006లో అమ్మ పోయింది. రెండో సంచీ ఉంది.

2024 జులైలో చిన్నదాని కూతురికి, అంటే ఆ రోజు ఏడుస్తూ పడుకున్న ఆ పసిపిల్లకి, కొడుకు పుట్టాడు. ఆపరేషను కాన్పు. అమ్మమ్మ చేసిన స్నానం తనకీ కావాలని పట్టుబట్టింది, ఇన్నాళ్ళూ మా నోట విని విని. కుట్లు మానేవరకు తొట్టిలో కూర్చోవద్దని మిడ్‌వైఫ్ చెప్పింది. సరే, ఆగాం. ఆరువారాలు దాటి, అంతా బాగా మానిందని చూసి చెప్పాక మేమిద్దరం మా సరంజామాతో వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళాం. కొత్త ఫ్లాటు. స్నానాల గది తలుపు తీసి చూస్తే తొట్టి లేదు. నేలంతా పలకలు, ఒక మూలకు వాలుగా, ఆ మూలలో తూము!

నేల మీద తూము చూసి ఇద్దరం ఒకేసారి నవ్వాం. తరువాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ప్లాస్టిక్ స్టూలు వేసి పిల్లను కూర్చోబెట్టాం. ఉప్పు బకెట్లో కలిపి, లేసు సంచీ వేడినీళ్ళలో నానవేశాం. పెద్దది థర్మామీటరు పెట్టి ముప్పైఎనిమిది డిగ్రీలుందని చూసింది. "ఎంత వేడి పొయ్యాలో చెప్పు" అని అమ్మ అడిగిన దానికి ఆ రోజే చెప్పాల్సిన జవాబు అది, ముప్పైఆరేళ్ళు ఆలస్యమయింది. చిన్నది నూనె రాసింది. పెద్దది చెంబుతో నడుము మీద ధారగా పోసింది. రెండో బకెట్టు సగమయ్యేసరికి పిల్ల కూర్చున్నచోటే తూగడం మొదలుపెట్టింది. పక్కగదిలో వాడు ఏడుపు లంకించుకున్నాడు. వినపడలేదు ఆ పిల్లకి.

ఇదీ సంగతి. ఈ ఏడు దీపావళికి అరవై సీసాలు చెయ్యాలని ఉంది. తొట్టి లేనివారికోసం, కాళ్ళ నొప్పులున్న పెద్దవారికోసం చిన్న పొట్లాలు కూడా కడతాం. ఒక బకెట్టుకు గుప్పెడు చాలు. లేసు సంచీలు అడక్కండి, మాకు అల్లడం రాదు. పలచటి మల్లు గుడ్డ మూట కట్టుకోండి, పని అదే చేస్తుంది. కార్షాల్టన్ కోతకు మాతో వచ్చేవారు కత్తెర, టోపీ తెచ్చుకోవాలి. తేనెటీగలుంటాయి, గాని పువ్వు ధ్యాసలో ఉండి మనజోలికి రావు. మీ ఇళ్ళలో జాము సీసాలు, కాఫీ సీసాలు ఖాళీవి ఉంటే పారేయకుండా సెప్టెంబరు సమావేశానికి పట్టుకురండి. మూతలు కూడా తేవాలి. పోయినేడు పదకొండు సీసాలు మూతల్లేకుండా ఇచ్చారు.